“చూడొచ్చా?” అని పోలీసు అడిగితే...

కొన్నేళ్ళ క్రితం మా స్నేహితుడొకడు ఉద్యోగం మారి, సామానంతా కార్లో కుక్కుకుని టెక్సస్ నుంచి ఒహాయో బయల్దేరాడు. దారిలో హైవే మీద పోలీసు ఆపాడు. టికెట్ కూడా రాయలేదు, స్పీడు తగ్గించమని చెప్పి లైసెన్సు తిరిగిచ్చేశాడు. బతికిపోయాం రా అనుకునేలోపు, “డూ యూ మైండ్ ఇఫ్ ఐ టేక్ ఎ లుక్?” అన్నాడట. మనవాడు చాలా వినయంగా “యస్, యస్!” అన్నాడు. గ్రామరు ప్రకారం దానర్థం “నాకు అభ్యంతరమే” అని! పోలీసు మాత్రం గ్రామరు జోలికి పోలేదు. ముప్పావుగంట సేపు రైస్ కుక్కరు, గ్రైండరు, పుస్తకాల డబ్బాలు అన్నీ రోడ్డు పక్కన పరిచాడు. ఏమీ దొరకలేదు. “హ్యావ్ ఎ సేఫ్ ట్రిప్” అని వెళ్ళిపోయాడు. సామాను మళ్ళీ సర్దుకునే పని మనవాడిదే.

ఫోన్లో ఈ కథంతా విని, “వద్దని చెప్పొచ్చు కదరా” అన్నాను.

“వద్దనొచ్చా?” అన్నాడు.

సరిగ్గా ఈ ప్రశ్నే 1973లో అమెరికా సుప్రీం కోర్టు ముందుకొచ్చింది. వద్దనొచ్చని తెలియనివాడు సరేనంటే, అది ఒప్పుకోవడం కిందకొస్తుందా? వస్తుందంది కోర్టు. ఆ కేసు ఎక్కడ మొదలైందో తెలుసా? సన్నీవేల్‌లో. అవును, మనోళ్ళు గుడికీ, దోసెలకీ వెళ్ళే ఆ సన్నీవేలే.

కాకపోతే అప్పటికి ఇంటెల్ కూడా పుట్టలేదు. 1967 జనవరి 31, తెల్లవారుజామున 2:40. ఒక హెడ్‌లైటూ, నంబరు ప్లేటు మీది లైటూ వెలగట్లేదని ఒక కారుని పోలీసు ఆపాడు. లోపల ఆరుగురున్నారు. నడిపేవాడి దగ్గర లైసెన్సు లేదు. ఆరుగురిలో లైసెన్సు చూపించింది ఆల్కలా అనే అతనొక్కడే. కారు మా అన్నదమ్ముడిదన్నాడు. అందర్నీ కిందకి దిగమన్నారు. ఇంకో ఇద్దరు పోలీసులు కూడా వచ్చారు. అప్పుడు మొదటి పోలీసు, కారు వెతకొచ్చా అని ఆల్కలాని అడిగాడు. అతను భేషుగ్గా వెతుక్కోమన్నాడు. అనడమే కాదు, తనే తాళం తీసుకుని డిక్కీ తెరిచాడు కూడా. అంతా స్నేహపూర్వకంగానే జరిగిందని తర్వాత కోర్టులో ఆ పోలీసు సాక్ష్యం. వెనక సీటు కింద ఉండ చుట్టి మూడు చెక్కులు దొరికాయి, ఒక కార్‌వాష్ నుంచి కొట్టేసినవి. శిక్ష పడింది మాత్రం సరేనన్న ఆల్కలాకి కాదు, పక్కనున్న బుస్టమాంటెకి. కేసు పేరు ష్నెక్‌లాత్ వర్సెస్ బుస్టమాంటె. ఈ ష్నెక్‌లాత్ అనే ఆయన జైలు సూపరింటెండెంటు, కథలో ఆయన పాత్ర అంతే.

అమెరికా రాజ్యాంగానికి 1791లో చేరిన నాలుగో సవరణ, పోలీసులు అకారణంగా ఇల్లూ వళ్ళూ సోదా చెయ్యకూడదంటుంది. వారంట్ కావాలంటే జడ్జికి తగిన కారణం చూపించాలి. ఐతే మనిషి తనంతట తాను సరేనంటే వారంటూ అక్కర్లేదు, కారణమూ అక్కర్లేదు. అంటే ఆ ఒక్క ‘సరే’ జడ్జి సంతకంతో సమానం అన్నమాట.

అంతకు ఐదేళ్ళ ముందే, 1968లో, ఇలాంటి ‘సరే’ ఒకటి సుప్రీం కోర్టులో చెల్లలేదు. నార్త్ కరోలినాలో పల్లెటూరి మట్టిరోడ్డు చివర ఒక నల్లజాతి ముసలావిడ ఇంటికి నలుగురు తెల్ల పోలీసులొచ్చి, మా దగ్గర వారంటుందన్నారు. ఆవిడ కానివ్వమంది. లోపల దొరికిన తుపాకీతో ఆవిడ మనవడి మీద కేసు నడిచింది. అధికారం చూపించి తలుపు తీయించుకుని దాన్ని అంగీకారం అంటే కుదరదంది కోర్టు (బంపర్ కేసు). బాగానే వుంది. మరి అబద్ధమాడకుండా, గొంతు పెంచకుండా, చిరునవ్వుతో అడిగితే?

బుస్టమాంటె కేసులో తీర్పు 6-3. మెజారిటీ తరఫున రాసింది జస్టిస్ స్టువర్ట్. బెదిరింపూ బలవంతమూ లేకుండా ఒప్పుకున్నాడా అన్నది మొత్తం పరిస్థితుల్ని బట్టి చూడాలి, కాదనే హక్కుందని తెలియడం అందులో ఒక అంశమే తప్ప తప్పనిసరి కాదన్నాడు. మరి 1966 మిరాండా తీర్పు ప్రకారం కస్టడీలో ప్రశ్నించే ముందు నోరు విప్పక్కర్లేదని చెప్పాలి కదా? అది వేరు, హైవే మీద హడావుడిలో అవన్నీ చెప్పడం ఆచరణ సాధ్యం కాదన్నాడు.

నాకైతే ఈ ‘ఆచరణ సాధ్యం కాదు’ అన్న ముక్కే మింగుడుపడదు. “మీరు కాదనొచ్చు” అని చెప్పడానికి రెండు సెకన్లు పడుతుందా? అసమ్మతి తీర్పు రాసిన జస్టిస్ థర్గుడ్ మార్షల్ సరిగ్గా అక్కడే పట్టుకున్నాడు. ఎఫ్‌బీఐ వాళ్ళు ఎన్నాళ్ళనుంచో ఆ మాట చెప్పే సోదా చేస్తున్నారు, వాళ్ళ పనేమీ ఆగిపోలేదు కదా అన్నాడు. సాధ్యం కాదంటున్నది చెప్పడం గురించి కాదు, జనం అజ్ఞానాన్ని వాడుకునే వీలు పోతుందని, అన్నది ఆయన వాదన సారాంశం. మనం సాఫ్ట్‌వేర్‌లో ‘ఐ అగ్రీ’ బటన్ పెద్దగా పెట్టి, రెండోదాన్ని బూడిద రంగులో దాచేస్తాం చూడండి, ఆ విద్య మనం కనిపెట్టిందేం కాదు!

ఆ తర్వాత కథ అదే దారిలో నడిచింది. 1996లో ఒహాయో కేసు, రాబినెట్ అనే అతనిది, అచ్చం మావాడి కథే. స్పీడుకి ఆపి, వార్నింగ్ ఇచ్చి, లైసెన్సు తిరిగిచ్చాక వెతకొచ్చా అని అడిగారు. మీరిక వెళ్ళొచ్చు అని ముందు చెప్పి తీరాలంది రాష్ట్ర సుప్రీం కోర్టు. అక్కర్లేదంది పెద్ద కోర్టు. తేడా ఏంటంటే, రాబినెట్ కార్లో కాస్త గంజాయీ, ఒక మత్తు బిళ్ళా దొరికాయి. ఏమీ దొరకని వాళ్ళు కోర్టుకెక్కరు కాబట్టి వాళ్ళ సంగతి తీర్పుల్లో కనపడదు.

ఐతే రాష్ట్రాలు తమ రాజ్యాంగాల కింద ఇంకా ఎక్కువ రక్షణ ఇవ్వొచ్చు. న్యూజెర్సీ 1975లోనే ఇచ్చింది: కాదనొచ్చని ఆ మనిషికి తెలుసని ప్రభుత్వమే నిరూపించుకోవాలి. టర్న్‌పైక్ మీద నల్లవాళ్ళ కార్లే ఎక్కువ ఆపుతున్నారన్న గొడవ ముదిరాక, 2002లో అక్కడి కోర్టు ఇంకో మెట్టెక్కింది. ట్రాఫిక్ తప్పుకి ఆపిన కారుని, తగిన అనుమానం లేకుండా ‘చూడొచ్చా’ అని అడగనే కూడదంది. వాషింగ్టన్ రాష్ట్రంలో 1998 నుంచి, వారంటు లేకుండా సోదా కోసం తలుపు తట్టిన పోలీసు, లోపలికి రాకముందే మూడు మాటలు చెప్పాలి: మీరు ఒప్పుకోనక్కర్లేదు, ఒప్పుకున్నా మధ్యలో ఆపెయ్యమనొచ్చు, ఎంతవరకు చూడాలో మీరే చెప్పొచ్చు.

మరి మన దగ్గరో అంటారా? ఇంటి సోదాకి మన పోలీసు మిమ్మల్ని అడిగే పనే లేదు. పాత సీఆర్‌పీసీలో 165, 2024 జులై నుంచి బీఎన్ఎస్ఎస్‌లో 185... వారంట్ తెచ్చేంత టైము లేదనుకుంటే కారణాలు రాసుకుని వెతకొచ్చు. ఇప్పుడు వీడియో కూడా తియ్యాలి. తమాషా ఏంటంటే, మత్తుమందుల చట్టం కింద ఒంటి సోదా చేసేటప్పుడు మాత్రం, గెజిటెడ్ ఆఫీసర్ ముందో మేజిస్ట్రేట్ ముందో చెయ్యమని అడిగే హక్కు మీకుంది అని చెప్పి తీరాలి. 1999లో మన సుప్రీం కోర్టు రాజ్యాంగ ధర్మాసనం దీన్ని ఖాయం చేసింది. మనోళ్ళకి సాధ్యమైంది వాళ్ళకెందుకు కాలేదో మరి!

మావాడు ఇప్పుడు ఎడిసన్‌లో వుంటున్నాడు. ఇదంతా చెప్పి, మీ న్యూజెర్సీ స్టేట్ పోలీసులైతే ఫారం ఇచ్చి సంతకం అడుగుతారు, ఇష్టం లేకపోతే పెట్టక్కర్లేదు అన్నాను. కాసేపు ఆలోచించాడు.

“రాత్రి పదకొండింటికి, ఇద్దరు పోలీసులు టార్చిలైటు మొహం మీద వేసి ఫారం ఇస్తే... నువ్వు పెట్టవా?” అన్నాడు.

హెచ్-1 మీదున్నప్పుడైతే పెట్టేవాణ్ణే అని ఒప్పుకున్నాను.