కిరండోల్ పాసింజరు: ఖనిజం కోసం వేసిన దారిలో మన రైలు



అరకు వెళ్ళే రైలంటే ఇప్పుడు అందరికీ అద్దాల పెట్టె, గుహలు, ఫొటోలే గుర్తొస్తాయి. ఆ లైను ఎందుకేశారో మన పిల్లలకి తెలీదు. అది జనం కోసం వేసింది కాదండి.

1960లో జపాను వాళ్ళకి ఇనప ఖనిజం అమ్మడానికి మన దేశం ఒప్పందం చేసుకుంది. ఖనిజం బస్తరు బైలదిల్లా కొండల్లో ఉంది, ఓడలు విశాఖలో ఉన్నాయి. మధ్యలో తూర్పు కనుమలు. అందుకని కొత్తవలస నుంచి కిరండోల్ దాకా సుమారు 445 కిలోమీటర్ల లైను వేశారు. 1966-67 నాటికి పూర్తయింది. యాభైకి పైగా సొరంగాలు, లెక్కలేనన్ని వంతెనలు. చాలా చోట్ల ఎత్తు 60 అడుగులకి ఒక అడుగు. మనకి ఇదేం ఎత్తనిపిస్తుంది గానీ, వేల టన్నుల బండికి అదే కొండంత. అందుకే ఖనిజం బండికి ఒక ఇంజను చాలదు, రెండు మూడు కట్టాలి. శిమిలిగుడ స్టేషను సముద్రానికి 996 మీటర్ల ఎత్తు. కాశ్మీరు లోయలో రైలు నడిచేదాకా దేశంలో పెద్ద లైన్లలో ఇదే ఎత్తయిన స్టేషనని చెప్పుకునేవారు. 1982 నాటికి కరెంటు ఇంజన్లొచ్చాయి.

ఆ పట్టాల మీదే మన పాసింజరు. శృంగవరపుకోట, బొడ్డవర దాటితే ఘాటీ మొదలు. అక్కణ్ణించి త్యాడ, చిమిడిపల్లి, బొర్రా లాంటి చోట్ల గిరిజన రైతుకి సంతకెళ్ళాలన్నా, ఆసుపత్రికెళ్ళాలన్నా తక్కువ డబ్బుతో అయ్యేది ఈ బండే. సీతాఫలం, పనస, చింతపండు, అల్లం బుట్టల్లో దిగేది దీన్లోనే.

అయితే ఒక్క సంగతి. ఏళ్ళ తరబడి ఒంటి లైను. ఎదురుగా ఖనిజం బండొస్తే మనది పక్కన ఆగాలి. రైల్వేకి ఆదాయం ఖనిజంలో ఉంది, పది రూపాయల టిక్కెట్టులో లేదు. కరోనా తర్వాత దేశమంతటా పాసింజర్లకి ఎక్స్‌ప్రెస్ చార్జీ పెట్టి కనీసం టిక్కెట్టు 10 నుంచి 30 చేశారు. 2024లో గానీ తగ్గించలేదు. బుట్ట పళ్ళు అమ్మేవాడికి రానూ పోనూ నలభై తేడా అంటే చిన్న మాటా?

2017లో అద్దాల పెట్టె తగిలించారు, సంతోషమే. ఇప్పుడు రెండో లైను పనులు సాగుతున్నాయి. అది పూర్తయితే ఖనిజం బళ్ళు పెరుగుతాయి సరే, చిన్న స్టేషన్లలో ఆగే బండి కూడా ఇంకోటి కావాలని మనం ఇప్పుడే అడగాలి. లైనుకి భూములిచ్చింది మన ఊళ్ళే కదా. అడక్కపోతే అమ్మయినా పెట్టదు.

ఆ లైనుకి పొలం పోయిన పెద్దలు మీ ఊళ్ళో ఎవరైనా ఉంటే, వాళ్ళు చెప్పింది కింద రాయండి.