చెరువు కట్ట మీద వనభోజనం: పాకాల నుంచి భద్రకాళి దాకా

మన బడిలో చదివిన ఏ బ్యాచ్ వాళ్లనైనా "పిక్నిక్‌కు ఎక్కడికి పోయారు?" అని అడగండి. పాకాల, రామప్ప, లక్నవరం, ఈ మూడు పేర్లే వస్తాయి. బస్సు కిరాయికి డబ్బులు జమ కాని ఏడు భద్రకాళి కట్టతోనే సరి. టిఫిన్ డబ్బాల్లో పులిహోర మారలేదు, సార్లు ఈల ఊదుతూ "నీళ్ల దగ్గరికి పోవద్దు" అని అరవడమూ మారలేదు. ఇప్పుడు మన పిల్లలతో, కొందరైతే మనవళ్లతో పోయేది కూడా ఆ కట్టల మీదికే.

ఒక సంగతి గమనించారా? ఈ జాబితాలో సముద్రం లేదు, మంచుకొండ లేదు. అన్నీ చెరువులే. అన్నీ మనుషులు కట్టినవే. అందులో ఒక్కటి కూడా విహారం కోసం కట్టింది కాదు. పొలాలు పారడానికి కట్టిన పనిముట్లు అవి. పనిముట్టు పర్యాటక స్థలంగా ఎట్లా మారింది, ఆ మార్పులో మనకు ఏం దక్కింది, ఏం జారిపోయింది అన్నదే ఈ వ్యాసం. సివిల్ ఇంజనీరింగు చదివినవాడిని కాబట్టి కట్ట, తూము, మత్తడి గురించి కాస్త ఎక్కువ చెబితే గురువులు, మిత్రులు ఓపిక పట్టాలి.

కట్టినవాళ్ల లెక్క

వరంగల్ ప్రాంతంలో ఏడాది పొడుగునా పారే పెద్ద నది లేదు. గోదావరి ఉత్తరాన దూరంగా, లోతుగా పోతుంది. వానలు నాలుగు నెలలే. కింద గట్టి రాయి కాబట్టి నీళ్లు లోపలికి ఇంకేది తక్కువ. ఇట్లాంటి నేల మీద రాజధాని నిలబడాలంటే వాన నీటిని ఆపి దాచుకోవడం ఒక్కటే దారి. కాకతీయులు చేసింది అదే. పై చెరువు నిండి మత్తడి దుంకితే ఆ నీళ్లు కింది చెరువుకు, అక్కడి నుంచి ఇంకో చెరువుకు పోయేటట్టు కట్టిన ఈ గొలుసుకట్టు చెరువులే ఇక్కడి వ్యవసాయానికి వెన్నెముక.

1199 నుంచి 1262 వరకు పాలించిన గణపతిదేవుని కాలంలో ఈ పని బాగా ఊపందుకుంది. పాకాల చెరువు ఆ కాలానిదే. జగదాళు ముమ్మడి అనే అధికారి దాన్ని కట్టించినట్టు అక్కడి శాసనం చెబుతుంది. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు పాలంపేటలో 1213లో రామప్ప గుడిని ప్రతిష్ఠించాడు. గుడితో పాటే చెరువు. సంతానం, గుడి, చెరువు, వనం, కావ్యం, నిధి, అగ్రహారం అనే ఏడింటిని సప్తసంతానాలు అనేవాళ్లు. చెరువు తవ్వించినవాడికి బిడ్డను కన్నంత పుణ్యం అని నమ్మకం. పుణ్యానికి తోడు లాభమూ ఉంది. చెరువు కట్టించినవాళ్లకు, బాగు చేయించినవాళ్లకు ఆయకట్టు ఆదాయంలో పదో వంతు దక్కే దశబంధం అనే ఏర్పాటు శాసనాల్లో కనబడుతుంది. భక్తి ఒక్కదాని మీదే వదిలేయకుండా బాగు చేసేవాడికి బతుకుదెరువు కూడా చూపించారన్నమాట.

స్థలాల ఎంపిక చూస్తే ఇంజనీరుకు ముచ్చటేస్తుంది. గోవిందరావుపేట మండలంలోని లక్నవరంలో చుట్టూ గుట్టలున్నాయి, వాటి మధ్య మూడు సన్నని సందులున్నాయి. ఆ సందులకు మూడు చిన్న కట్టలు వేశారు, మిగతా గోడలన్నీ గుట్టలే. తక్కువ మట్టి మోసి ఎక్కువ నీళ్లు ఆపడం అంటే అది. ఇప్పుడు మనం పడవలో తిరుగుతూ ఫోటోలు తీసుకునే ద్వీపాలు నిజానికి ఆ లోయలో మునగకుండా మిగిలిపోయిన గుట్టల తలలు. ఖానాపురం మండలంలోని పాకాలలోనూ అదే తెలివి. రెండు చిన్న గుట్టల మధ్య మైలు పైచిలుకు కట్ట వేస్తే, నిండినప్పుడు సుమారు 30 చదరపు కిలోమీటర్ల నీళ్లు నిలిచాయి. మున్నేరు ఇక్కడే పుట్టి, ఖమ్మం పక్క నుంచి పోయి కృష్ణలో కలుస్తుంది.

కట్ట మీది పండుగ

చెరువు కట్టకు పోవడం పర్యాటక శాఖ నేర్పిన అలవాటు కాదు. చెరువు నిండిందంటే ఊరంతా కట్ట మీదే ఉండేది. కట్ట మైసమ్మకు బోనం, గంగమ్మకు పసుపు కుంకుమ, మత్తడి దుంకుతుంటే కింద చేపలు పట్టే పిల్లలు. వానలు రాకపోతే వరద పాశం వండి వానదేవుణ్ణి మొక్కేవాళ్లు. కార్తీకంలో ఉసిరి చెట్టు కింద వంటలు. తొమ్మిది రోజుల బతుకమ్మ చివరికి చేరేది నీళ్లలోకే. సద్దుల బతుకమ్మ నాడు హనుమకొండ పద్మాక్షి గుట్ట దగ్గర ఆ పూలన్నీ నీళ్ల మీద తేలే దృశ్యం మనలో చూడనివాళ్లు ఎవరు?

ఈ పండుగలకు ఒక పనికొచ్చే గుణం ఉంది. బోనమెత్తుకొని కట్ట పొడుగునా నడిచిన ఊరికి, కట్ట ఎక్కడ కుంగిందో, ఎక్కడ ఎలుక బొక్క పడిందో, తూము దగ్గర ఎక్కడ చెమ్మ కారుతున్నదో నడకలోనే కనబడేది. మేం ఇప్పుడు ఫారం నింపి చేసే తనిఖీ అది. వాళ్ల చేతిలో ఫారం లేదు, సద్ది మూట ఉంది. తనిఖీకి ఒక మనిషి కూడా ఉండేవాడు, నీరటి. తూము ఎప్పుడు తియ్యాలి, ఎవరి మడికి ఎంతసేపు అన్నది అతని చేతిలో ఉండేది. రాత్రి వాన కురిస్తే లాంతరు పట్టుకొని కట్ట మీద తిరిగేది అతనే. అంటే విహారం, పూజ, మరమ్మతు మూడూ ఒకే కట్ట మీద, ఒకే మనుషుల చేతుల్లో ఉండేవి.

చూపు మారిన కాలం

పాకాల చుట్టూ ఉన్న అడవిని 1952లో అభయారణ్యంగా ప్రకటించారు. చెరువుకు అది మేలే చేసింది. పైన అడవి ఉంటే వాన నీళ్లు మట్టిని కోసుకొని రావు, పూడిక తగ్గుతుంది. పాకాల నీళ్లు ఇప్పటికీ తేటగా ఉండడానికి ఆ అడవే పెద్ద కారణం.

మేం బడిలో ఉన్న రోజుల్లోనే ఇంకో మార్పు నడుస్తున్నది. బోరుబావులు వచ్చాయి. రైతు కళ్లు కట్ట మీది నుంచి మోటారు స్టార్టర్ మీదికి మళ్లాయి. నీళ్లు తన బోరులో ఉన్నాయనుకున్నవాడికి తూము సంగతి ఎందుకు? ఆ బోరులోకి ఊట వచ్చేది చెరువు నిండితేనే అన్న మాట చాలా చోట్ల మరుగున పడింది. ఊరి పాత కట్టుబాట్లు సడలిపోతూ నీరటి కూడా కనుమరుగయ్యాడు. పూడిక పేరుకుంది. నీళ్లు వెనక్కి పోయిన శిఖం భూమిలో మొదట పంటలు, పట్టణాల దగ్గరైతే ఇళ్లు లేచాయి.

చెరువును పొలం కోసం చూసే కళ్లు తగ్గుతుంటే, అందం కోసం చూసే కళ్లు పెరిగాయి. లక్నవరంలో వేలాడే వంతెన, ద్వీపాల్లో పర్యాటక శాఖ కాటేజీలు వచ్చాయి. 2021 జూలైలో రామప్ప గుడి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. కేంద్రం 2015లో మొదలుపెట్టిన హృదయ్ పథకంలో దేశం మొత్తం మీద 12 నగరాలుంటే వరంగల్ ఒకటి. భద్రకాళి కట్ట మీది నడకదారి అట్లా వచ్చిందే. అదే ఏడు మార్చిలో రాష్ట్ర ప్రభుత్వం 46 వేలకు పైగా చెరువుల పూడికతీత లక్ష్యంగా మిషన్ కాకతీయ ప్రారంభించింది. ఒకటి చెరువు మొహం కడిగే పని, రెండోది కడుపు శుభ్రం చేసే పని. రెండూ కావాలి. కానీ రెండో పని లేకపోతే మొదటిది ఎక్కువ కాలం నిలవదు.

దానికి రుజువు 2023 జూలైలోనే దొరికింది. జూలై 27 ఉదయానికి ముగిసిన ఇరవై నాలుగు గంటల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. రాష్ట్రంలో అంతకుముందు అంత వాన నమోదు కాలేదు. ఆ ఊరు రామప్ప ఉన్న వెంకటాపూర్ మండలంలోదే. ఆ వానల్లోనే మన నగరంలో భద్రకాళి చెరువుకు పోతననగర్ వైపు గండి పడింది. మట్టి కట్టకు ఉన్న పెద్ద భయాల్లో ఒకటి నీళ్లు కట్ట మీది నుంచి పొర్లడం. పొర్లకుండా కాపాడేది మత్తడి. మత్తడి కింది వాగు మూసుకుపోతే, పూడికతో చెరువు లోతు తగ్గితే, ఎంత అందమైన నడకదారి వేసినా వరద దాన్ని గౌరవించదు. 2024 నవంబరులో పూడిక తీయడానికి భద్రకాళి చెరువును ఖాళీ చేశారు. ఎండిన అడుగు చూసి చాలామంది బాధపడ్డారు. నాకు మాత్రం అది ఎప్పుడో జరగాల్సిన వైద్యంలాగే కనిపించింది.

అమెరికా మిత్రులకు ఒక మాట

మన పూర్వ విద్యార్థుల్లో చాలామంది అమెరికాలో ఉన్నారు. అక్కడి తెలుగు సంఘాల వనభోజనాలు ఎక్కువగా సరస్సు పక్కన ఉండే స్టేట్ పార్కుల్లోనే. ఆ సరస్సుల్లోనూ చాలావరకు మనుషులు ఆనకట్ట వేస్తే ఏర్పడినవే. టెక్సాస్‌లోనైతే పెద్ద సరస్సులు దాదాపు అన్నీ అంతే. అక్కడి పార్కుల్లో వందల కొద్దీ పార్కులకు దారులు, రాతి మండపాలు, చిన్న ఆనకట్టలు కట్టింది సివిలియన్ కన్జర్వేషన్ కోర్. ఆర్థిక మాంద్యంలో పని లేని యువకుల కోసం 1933లో మొదలై 1942 వరకు నడిచిన పథకం అది. నెలకు 30 డాలర్ల జీతం, అందులో 25 ఇంటికే పంపాలి. చాలా పార్కుల్లో ఆ కుర్రాళ్ల కథ రాసిన బోర్డు ఉంటుంది. వచ్చిన కుటుంబం అది చదివి, పిల్లలకు చెప్పి, అప్పుడు పొయ్యి ముట్టిస్తుంది.

ఆ సరస్సుల కంటే మన చెరువులు ఏడు వందల ఏళ్లు పెద్దవి. పైగా ఇప్పటికీ పొలాలు పారిస్తున్నాయి. అయినా పాకాలకు పోయివచ్చిన పిల్లవాడిని "తూము చూశావా?" అని అడిగితే, "అదేంటి?" అంటాడు. పడవ ఎక్కాడు, ఐస్‌క్రీం తిన్నాడు, సెల్ఫీ దిగాడు. తప్పు పిల్లవాడిది కాదు, చూపించినవాళ్లు లేరు.

స్వర్ణోత్సవానికి ఒక ప్రతిపాదన

పాత కాలంలో చెరువుకు రైతు, నీరటి, మైసమ్మ అని ముగ్గురు కాపలా. ఇప్పుడు ఎక్కువమంది వచ్చేది మనలాంటి సందర్శకులు. కాబట్టి ఆ కాపలాలో కొంత భారం మన మీద కూడా పడుతుంది. ప్రభుత్వం పూడిక తీస్తుంది, గండి పూడుస్తుంది. కానీ కట్టను ఏటేటా నడిచి చూసే కళ్లు ఏ టెండరులోనూ దొరకవు.

అందుకే మన సంఘానికి నాదొక సూచన. ఏటా కార్తీకమాసంలో ఒక ఆదివారం, ఫంక్షన్ హాలు వదిలిపెట్టి, కుటుంబాలతో పాకాలకు పోదాం. అప్పటికి వానలు వెనక్కి తగ్గుతాయి, చెరువు నిండుగా ఉంటుంది, ఎండ తీక్షణంగా ఉండదు. ముందు పిల్లలను తీసుకొని కట్ట ఈ కొస నుంచి ఆ కొసకు నడుద్దాం. సోషల్ సారు శాసనం గురించి చెప్పాలి, సైన్స్ టీచరు తూము ఎట్లా పనిచేస్తుందో చెప్పాలి, పిట్టలు తెలిసినవాళ్లు పిట్టలను చూపించాలి. కట్ట మీద కుంగిన చోటో, చెమ్మ కారే చోటో కనబడితే ఫోటో తీసి అక్కడి నీటిపారుదల ఇంజనీరుకు అందిద్దాం. ఆ తర్వాత విస్తర్లు. ప్లాస్టిక్ గ్లాసులకు సెలవు. మోదుగాకు విస్తరి మనకు కొత్తేమీ కాదు. తెచ్చింది తెచ్చినట్టు తిరిగి తీసుకుపోదాం. అడవిలో మైకు వద్దు, అది మనకు సెలవు రోజు గానీ అక్కడి జంతువులకు కాదు.

ఒక్క బ్యాచ్ ఒక్క ఏడు చేస్తే అది పిక్నిక్. యాభై బ్యాచ్‌లు వంతులవారీగా చేస్తే చెరువుకు కొత్త నీరటి దొరికినట్టే. వచ్చే కార్తీకానికి మా బ్యాచ్ మొదటి వంతు తీసుకుంటుంది. విస్తర్ల ఖర్చు మాది. పులిహోర మాత్రం ఎవరి డబ్బా వాళ్లే తెచ్చుకోవాలి.