పాత కేసు, కట్టని అప్పు.. ప్రభుత్వ ఉద్యోగానికి అడ్డా?

రాజమహేంద్రవరం నుంచి భీమవరం దాకా కానిస్టేబుల్, బ్యాంకు పరీక్షలు రాసేవాళ్లకు ఉండే సందేహమే ఇది.

వెరిఫికేషన్‌లో ఏం చూస్తారు?
ఎంపికయ్యాక అటెస్టేషన్ ఫారం నింపాలి. అందులో చిరునామా, చదువు, కేసుల వివరాలు అడుగుతారు. వాటిని పోలీసులు తమ రికార్డులతో సరిచూస్తారు.

కేసు ఉందని రాస్తే ఉద్యోగం పోతుందా?
పోవాలని లేదు, వస్తుందన్న హామీ కూడా లేదు. కేసు తీవ్రతను బట్టి నియామక అధికారి నిర్ణయిస్తారు. దాచిపెడితే మాత్రం చేరిన తర్వాత బయటపడినా తొలగించవచ్చు. చిన్న కేసైతే క్షమించే విచక్షణ అధికారిదే. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే.

ఫారంలో అడగనిది రాయకపోతే?
అది దాచడం కిందకు రాదు. ఆంధ్రప్రదేశ్ కానిస్టేబుల్ ఎంపిక కేసులో 2005లో సుప్రీంకోర్టు ఇదే తేల్చింది. ఆ ఫారంలో శిక్ష పడిందా అని అడిగారే తప్ప, అరెస్టయ్యారా అని అడగలేదు.

అప్పులుంటే?
అప్పు ఉండటం తప్పు కాదు, ఎగ్గొట్టడమే సమస్య. ఐబీపీఎస్ ద్వారా ఎంపికైనవారికి చేరే నాటికి క్రెడిట్ హిస్టరీ బాగుండాలి. బాకీ ఉంటే తీర్చి సిబిల్‌లో అప్‌డేట్ చేయించుకోవాలి, లేదా అప్పిచ్చిన సంస్థ నుంచి ఎన్‌ఓసీ తేవాలి.

ఇప్పుడేం చేయాలి?
సిబిల్ రిపోర్టు ముందే చూసుకోండి. ఫారంలో ప్రతి ప్రశ్నా పూర్తిగా చదివి, అడిగినదానికి నిజమే రాయండి. సంతకం చేసిన కాపీ ఒకటి దగ్గర ఉంచుకోండి.