కాలము గాలమైన వేళ: కంప్యూటరు మెమరీ చిక్కుల చరిత్ర

కంప్యూటరుకు కొత్త మెమరీ కొని అమర్చిన తరువాత అది మొరాయించడం మనలో పలువురికి అనుభవమే. తెర నల్లగా ఉండిపోతుంది. లేదా పెట్టెలోనుండి కీచుమని కూతలు వినవస్తాయి. లేదా అంతా సవ్యంగానే నడుస్తూ రెండు రోజులకొకసారి నీలితెర ప్రత్యక్షమవుతుంది. ఈ చిక్కుల్లో ప్రతిదానికీ ఒక పుట్టుక ఉన్నది. అది తెలిసినవారికి దోషనిర్ణయం కొంత సులువు. అన్నిటికంటె ప్రమాదకరమైనది మాత్రం కూతా కేకా లేని దోషం. నేను ముఖ్యంగా చెప్పదలచినది దానిని గురించే.

మనం నేడు ర్యాం అని పిలిచే వస్తువును ఐ.బి.ఎం. సంస్థలో రాబర్ట్ డెన్నార్డ్ 1966లో ఊహించి, 1968లో పేటెంటు పొందాడు. ఒక్కొక్క బిట్టుకు ఒక ట్రాన్సిస్టరు, అతి చిన్న విద్యుత్తు నిల్వ ఒకటి: ఇంతే నిర్మాణం. అయితే ఆ నిల్వ చిల్లికుండలో నీరు వంటిది. కారిపోకముందే చదివి మళ్ళీ నింపుతూ ఉండాలి. ఇట్టి చంచలమైన వస్తువుమీద జ్ఞాపకమనే భారాన్ని మోపడం సాహసమే. 1970లో ఇంటెల్ 1103 చిప్పుతో ఆ సాహసం విపణికెక్కింది.

1981లో వచ్చిన ఐ.బి.ఎం. పీసీలో మెమరీ పెంచడమంటే విడివిడి చిప్పులను కాళ్ళు వంగకుండా గూళ్ళలో దించడం. అంతటితో కాదు, ఎంత మెమరీ ఉన్నదో యంత్రానికి తెలియజేయడానికి బోర్డుమీది చిన్న స్విచ్చులను కూడా సరిచేయాలి. అవి తప్పితే కొత్త మెమరీ ఉన్నా లేనట్టే. చిప్పు చెడితే యంత్రం మొదలవుతూనే 201 అనే సంఖ్య చూపేది. ముక్కుసూటి యంత్రం.

ఆ యంత్రంలో మరొక సద్గుణం ఉండేది. ఎనిమిది చిప్పులు చాలినచోట తొమ్మిది పెట్టేవారు. ఎనిమిది బిట్లలోని ఒకట్ల సంఖ్య సరియో బేసియో గుర్తుంచుకొనడమే తొమ్మిదవదాని పని. దానికి పారిటీ అని పేరు. చదివేటప్పుడు లెక్క తప్పితే యంత్రం అక్కడికక్కడే ఆగిపోయేది. వేదాధ్యయనంలో జట, ఘన వంటి పాఠక్రమాలతో ఒక్క స్వరం కూడా జారకుండా కాపాడుకొన్న సంప్రదాయం మనది. అదనపు శ్రమతో పాఠాన్ని రక్షించుకొనే ఈ పద్ధతి మనకు కొత్తగా తోచదు. పారిటీ దోషాన్ని పట్టుకొనగలదేగాని దిద్దలేదు. దిద్దే ఉపాయాన్ని బెల్ ల్యాబ్స్‌కు చెందిన రిచర్డ్ హ్యామింగ్ 1950లోనే ప్రకటించాడు. ఇప్పటి సర్వర్లలోని ఈసీసీ మెమరీకి మూలం అదే.

ఇంత జాగ్రత్త అవసరమా అన్నవారికి 1978లో సమాధానం వచ్చింది. చిప్పు చెడకుండానే బిట్లు తారుమారవుతున్నాయని, చిప్పును కప్పిన సిరామిక్ తొడుగులోని లేశమాత్రపు యురేనియం, థోరియంల నుండి వెలువడే ఆల్ఫా కణాలే కారణమని ఇంటెల్‌లో పనిచేసిన తిమొతీ మే, ముర్రే వుడ్స్ నిరూపించారు.

ఆ తరువాత విడి చిప్పులు పోయి పలకలు వచ్చాయి. 30 పిన్నుల సిమ్ పలక ఎనిమిది బిట్ల వెడల్పు. 32 బిట్ల 486 యంత్రానికి నాలుగేసి చొప్పున పెట్టాలి. 72 పిన్నుల పలకలు వచ్చాక పెంటియంకు రెండేసి. ఒక్కటే కొని తెచ్చినవారికి నల్లతెరే దక్కేది. పలకకు బంగారుపూత, గూటికి తగరపుపూత ఉంటే ఆ కలయిక కాలక్రమాన ఆక్సీకరణకు దారితీసేది. మన రిపేరు దుకాణాల్లో పలకను పెన్సిలు రబ్బరుతో రుద్ది పెట్టడం ఉత్త మూఢాచారం కాదన్నమాట. డిమ్ వచ్చాక జంట నియమం తొలగింది, కాని డీడీఆర్ తరాలు మారినప్పుడల్లా పలక అంచులోని గాటు చోటు మారుతూ వచ్చింది. దిగని పలకను బలవంతాన దించరాదు.

ఒక విడ్డూరం కూడా చెప్పాలి. 1997 నాటి ఇంటెల్ 430టీఎక్స్ చిప్‌సెట్ ఉన్న బోర్డుల్లో క్యాషె 64 మెగాబైట్లవరకే పనిచేసేది. అంతకుమించి మెమరీ పెడితే యంత్రం నెమ్మదించేది!

ఇక అసలు విషయం. 1990వ దశకంలో ధరల పోటీలో ఆ తొమ్మిదవ చిప్పు బరువైంది. 1995 నాటి ఇంటెల్ 430ఎఫ్ఎక్స్ పారిటీని పట్టించుకోనే లేదు. తెలుగు అక్షరాలు సరిగా కనబడాలని మనం విండోస్ ఎక్స్‌పీకి మారి, 128 మెగాబైట్లు చాలక మరొక పలక కొన్న రోజులనాటికి ఇంటి కంప్యూటర్లలో కాపలాదారు దాదాపు లేనట్లే.

దీని ఫలితం తెలుగులో ఎట్లుంటుందో చూడండి. యూనికోడులో ‘క’ సంఖ్య 3093, ‘గ’ సంఖ్య 3095. బిట్లుగా రాస్తే 10101తో ముగిసేది ఒకటి, 10111తో ముగిసేది మరొకటి. తేడా ఒక్క బిట్టు. అది తిరగబడితే ‘కాలము’ ‘గాలము’ అవుతుంది. ‘త’, ‘ద’లకు కూడా అంతే దూరం, ‘తాత’ ‘దాత’ కావచ్చు. గసడదవాదేశానికి వ్యాకరణంలో నియమముంది, పరుషం మారడానికి ముందు పదం ఒకటి కావాలి. ఈ ఆదేశానికి సూత్రమూ లేదు, నిమిత్తమూ లేదు. రెండూ మంచి తెలుగు మాటలే కనుక అక్షరదోషాలు వెదికే ప్రోగ్రామూ పట్టుకొనదు. అట్లా మారిన పాఠాన్ని భద్రపరిస్తే డిస్కు దానినే విశ్వాసంగా దాచిపెడుతుంది. రేపు ప్రతి తీసుకొన్నవారికి అదే మూలపాఠం. తాళపత్రాలలో లేఖకదోషాన్ని మరొక ప్రతితో పోల్చి పట్టుకొంటాం. ఒకే ప్రతి నుండి పుట్టిన నూరు నకళ్ళను పోల్చి ఏమి లాభం?

ఇది అరుదని తోసిపుచ్చలేం. గూగుల్ సర్వర్లపై 2009లో వెలువడిన పరిశోధనలో ఏడాదికి 8 శాతానికి పైగా పలకల్లో దోషాలు కనిపించాయి. వాటిలో అధికభాగం కిరణాల వలన కాక పలకలోని స్థిరమైన లోపాలవలననే అని కూడా తేలింది. స్థిరమైన లోపం వెదికితే దొరుకుతుంది. క్రిస్ బ్రేడీ 1994లో రాసిన మెమ్‌టెస్ట్86 ఉన్నది అందుకే. మెమరీ పెంచిన రాత్రి దానిని తెల్లవార్లూ నడపనివ్వాలి. ఒక్క తప్పు కనిపించినా కొత్త పలక తీసి పాతదానితో, పాతది తీసి కొత్తదానితో, గూళ్ళు మార్చి మళ్ళీ పరీక్షించాలి. ఏ పలక ఏ గూటిలో తప్పిందో కాగితంమీద రాసుకొంటే పలక దోషమో గూటి దోషమో తేలుతుంది.

2020లో ప్రమాణంగా వెలువడిన డీడీఆర్5లో చిప్పు లోపలే దిద్దుబాటు ఏర్పాటు చేశారు. అది చిప్పులోని తప్పులకే. చిప్పునుండి ప్రాసెసరుకు పోయే దారిలో జరిగే పొరపాట్లకు పూర్తిస్థాయి ఈసీసీ పలకలు, వాటిని అంగీకరించే బోర్డు ఇప్పటికీ వేరుగా కొనుక్కోవలసిందే.