కర్నూల్లో ఇల్లు, కడపలో పని: మార్చుకోవచ్చా?

ఈరోజు ఎపిసోడ్ ఒక ప్రశ్న మీద. "అన్నా, గవర్నమెంటు ఇచ్చిన స్థలంలో మా ఇల్లు కర్నూల్లో ఉంది. పని కడపలో దొరికింది. అక్కడ ఇట్లాంటి ఇల్లే ఉన్నోళ్లు కర్నూలుకు రావాలంటున్నారు. డబ్బు ప్రసక్తే లేదు, ఇంటికి ఇల్లు. మార్చుకుంటే తప్పేముంది?"

వినడానికి తప్పేమీ అనిపించదు. కానీ చట్టం అంత సులభంగా ఒప్పుకోదు. ఎందుకో తెలియాలంటే 1954కి పోవాలి. అప్పుడు ఆంధ్ర రాష్ట్ర రాజధాని మన కర్నూలే. ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశం. ఆ ఏడాది జూన్ 18న రెవెన్యూ శాఖ 1142 నంబరు జీవో వచ్చింది. ప్రభుత్వం పేదలకిచ్చిన భూమిని అనుభవించొచ్చు, పిల్లలకు వారసత్వంగా ఇవ్వొచ్చు, బయటివాళ్లకు మాత్రం రాసివ్వకూడదు. ఇదీ షరతు. ఆంధ్ర ప్రాంతంలో డీ పట్టా తగాదా వస్తే ఇప్పటికీ ముందు చూసేది ఆ తేదీనే: పట్టా దానికి ముందుదా, తర్వాతదా?

ఇంత గట్టి షరతు ఎందుకంటారా? మన సీమ సంగతి తెలిసిందే కదా. వాన మొహం చాటేస్తే పంట పోతుంది, అప్పు మిగులుతుంది. చివరికి పట్టా కాగితం అప్పిచ్చినోడి పెట్టెలోకి చేరుతుంది.

షరతు ఉన్నా చేతులు మారడం ఆగలేదు. అందుకే 1977లో అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం తెచ్చారు. ఇళ్ల స్థలాలూ దాని కిందికే వచ్చాయి. బదిలీ అంటే అమ్మకం ఒక్కటే కాదు, దానం, తాకట్టు, లీజు, ఇంకా మార్పిడి కూడా అని అందులో రాసిపెట్టారు. నాకు అర్థమైనంతలో కారణం ఇది: గట్టు మీది రాళ్ల స్థలం అంటగట్టి, రోడ్డు పక్క స్థలం రాయించుకుంటే, దాన్నీ మార్పిడి అనే అంటారు కదా!

మరి తెల్లకాగితం మీద రాసుకుంటే? అది చెల్లదు. మీరు కడప ఇంటికి పైఅంతస్తు వేశారనుకోండి. రేపు అసలు పట్టాదారు పిల్లలొచ్చి "మా నాయన ఇల్లు" అంటే, చట్టం వాళ్ల వైపే.

2019లో ఇళ్ల స్థలాలను 20 ఏళ్ల తర్వాత అమ్ముకునే వీలిచ్చారు. 2021లో ఆ గడువును 10 ఏళ్లకు తగ్గించారు. కాబట్టి ముందు పట్టా తేదీ చూడండి. మీ సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో ఉందేమో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో కనుక్కోండి.

ఇంగ్లండులో ఇంకో దారి ఉంది. కౌన్సిల్ ఇళ్లల్లో అద్దెకున్న ఇద్దరు ఇళ్లు మార్చుకునే హక్కు 1985 హౌసింగ్ చట్టంలో ఉంది. కౌన్సిల్ కాదనాలంటే చట్టంలో ఉన్న కారణమే చూపించాలి, అదీ 42 రోజుల్లోపు.

అమ్మితే పేదోడికి ఇల్లు పోతుంది. సరిసమానంగా మార్చుకుంటే ఇద్దరికీ ఉంటుంది. 1954లో కర్నూలు నుంచి వచ్చిన షరతు పేదోడి ఇల్లు పోకుండా పెట్టిందే. పని వెతుక్కుంటూ ఊరు మారే ఈ కాలంలో, తహసీల్దారు ముందు, ఇద్దరి ఇష్టంతో జరిగే మార్పిడికి ఒక దారి ఉండాలనేది నా మాట. అది వచ్చేదాకా తెల్లకాగితాన్ని మాత్రం నమ్మొద్దు. ఉంటా మరి.