అపతానీ లోయ: భూస్వామ్యమును సంస్కృతియు

కొండలనడుమ, బాటలకు దూరముగా నివసించు జనుల సంస్కృతి నిలిచియుండుటకు వారి ఏకాంతవాసమే కారణమని పలువురు వ్రాయుచుందురు. ఈ మాట ఎంతవఱకు నిజమో పరిశీలించుటకు అరుణాచల ప్రదేశమునందలి అపతానీ లోయ తగిన ఉదాహరణము. ఆ లోయను వివరముగా వర్ణించిన పండితుడే మన ఆదిలాబాదు గోండులను గూర్చియు గ్రంథము రచించెను. కావున ఈ విచారణ తెలుగువారికి పరాయిది కాదు.

అస్సాము మైదానమునందలి ఉత్తర లఖింపురము నుండి కొండలెక్కి పోగా, సముద్రమట్టమునకు సుమారు 5,000 అడుగుల యెత్తున ఈ లోయ కలదు. నేడు జీరో అను పట్టణము దీనియందే యున్నది. చుట్టును అడవికొండలు, నడుమ చదునైన నేల. దారిపొడవునను పోడుచేసిన కొండచరియలను చూచుచు వచ్చినవారికి, గట్లు కట్టి నీరు పెట్టిన వరిమళ్లు ఇచట ఒక్కసారిగా ఎదురగుట ఆశ్చర్యము గొల్పును.

1897లో మెక్‌కేబ్ అను ఆంగ్లాధికారి, సరిహద్దున జరిగిన యొక దాడికి ప్రతిగా సైనికులతో లోయను ప్రవేశించి, కొలదికాలములోనే మరలిపోయెను. తరువాత సుమారు అర్ధశతాబ్దము అచట ప్రభుత్వపాలన నెలకొనలేదు. 1944లో క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెండార్ఫు ప్రభుత్వ ప్రత్యేకాధికారిగా భార్య బెట్టీతో అచటికి వెళ్లెను. అంతకుముందు ఆయన హైదరాబాదు సంస్థానమున చెంచులు, కొండరెడ్లు, రాజగోండుల నడుమ పరిశోధన చేసియుండెను. అపతానీలను గూర్చిన ఆయన ప్రధానగ్రంథము 1962లో వెలువడెను.

ఆయన చూచిన లోయలో ఏడు గ్రామములుండెను. నాగలి లేదు, పశువులతో దున్నుట లేదు. చేతిపనిముట్లతోడనే మళ్లను చదునుచేసి, కాలువలు త్రవ్వి వరి పండించుచుండిరి. గట్లమీద రాగులు నాటుచుండిరి. వెదురును, దేవదారుజాతి వృక్షములను తోటలుగా పెంచుచుండిరి. ప్రతి వరిమడికిని యజమాని కలడు. పచ్చికబయళ్లు మొదలగునవి వంశముల ఉమ్మడి సొత్తు. భూమిని మిథున్ అను కొండపశువులతో వెలకట్టి కొనుచుండిరి. మిగులు ధాన్యమును పొరుగున నున్న నిషీలకిచ్చి పశువులను, ప్రత్తిని పొందుచుండిరి. తగవులను గ్రామపెద్దలైన బుల్యాంగులు తీర్చుచుండిరి. ఇట్టి వ్యవస్థ ఒక్క తరమున ఏర్పడునది కాదు. ఆ గట్లును కాలువలునే లిపిలేని జాతి వ్రాసికొన్న శాసనములని మేము భావించుచున్నాము.

వారికి వాఙ్మూలమైన ఆధారములును కలవు. వసంతమున గ్రామసముదాయములు వంతులవారీగా జరుపు మ్యోకో పండుగలో, నీబు అను పూజారులు సృష్టికథను, పూర్వుల వలసను గానము చేయుదురు. ఉత్తరమునుండి నదులు దాటి వచ్చితిమని వారి సంప్రదాయము. అట్టి గానములు సంవత్సరములను నిర్ణయింపవు. కాని ఒక జాతి తన నేలను తనదని ఏల తలచుచున్నదో తెలుపును.

అయినను ఈ లోయను సత్యయుగముగ భావింపరాదు. ఉన్నతవంశీయులకు లోబడిన దాసవర్గ మొకటి అచట నుండెనని హైమెండార్ఫే వ్రాసెను. మార్పు లేని సంస్కృతియనియు తలపరాదు. వరిమళ్లలో చేపలు పెంచుట నేడు అనాదిసంప్రదాయముగ ప్రసిద్ధమైనను, అది 1960ల నుండియే విస్తరించినది. స్త్రీలు ముక్కుబిళ్లలు ధరించుట, పచ్చబొట్లు పొడిపించుకొనుట 1970లలో మానిరి.

ఇక ఆదిలాబాదును చూతము. గోండులకును వంశదేవతలు, పర్ధానులు పాడు గాథలు కలవు. వారును అడవులలోనే యుండిరి. కాని సాగుభూములకు పట్టాలు లేకపోవుటచే ఆ భూములు వలసవచ్చినవారి వశమయ్యెను; అటవీశాఖ నిర్బంధములు మిగిలిన నేలను కుదించెను. 1940లో జోడేఘాటున కుమ్రం భీము ప్రాణము లర్పించుటకు ఈ భూమియే మూలము. తరువాత హైమెండార్ఫు ఈ కష్టములను వెల్లడించి, 1945 నుండి సంస్థాన ప్రభుత్వ సలహాదారుగా గిరిజనులకు పట్టాలిప్పించుటకు పాటుపడెను. మార్లవాయిలో గోండీ బోధన ఆరంభమైనదియు ఆయన ప్రేరణమువలననే.

ఒకే పరిశోధకుడు చూచిన ఈ రెండు ప్రాంతములను ప్రక్కప్రక్కన నిలిపినచో, దూరము మాత్రమే రక్ష కాదని స్పష్టమగును. అపతానీల మళ్లు అపతానీలవియే యైయుండెను. 1873 నాటి సరిహద్దు నిబంధన పరుల ప్రవేశమును అరికట్టెను. అది గిరిజనుల మేలుకంటె ఆంగ్లేయుల ప్రయోజనమునకై పుట్టినదే. ఐనను నేటికిని ఇతర రాష్ట్రములవారు అనుమతిపత్రము లేక అచటికి పోరాదు. గోండులకు భాషయు, దేవతలును, గాథలును ఉండియు నేలపై హక్కు మాత్రము నిలువలేదు.

2014లో అపతానీల సాంస్కృతిక భూభాగము యునెస్కో తాత్కాలికపట్టికలో చేరెను. సందర్శకుల రాకయు పెరిగినది. వారు వేషభాషలను, పండుగలను చూచి ఆనందించుట సహజమే. కాని గిరిజనసంస్కృతిచరిత్రను వ్రాయబూనువారు పండుగతో గాక పొలముతో ఆరంభించి, ఆ గట్టు ఎవరిది, దానిపై హక్కు ఎట్లు సంక్రమించినది అని మొదట విచారింపవలెనని మా అభిప్రాయము.