రేవు దారి చూపినవారు

ఓడను నడిపేవాడు కెప్టెను అని మన పిల్లలందరికీ తెలుసు. కాని ఆ కెప్టెనుకు రేవులోనికి దారి చూపేవాడు వేరొకడున్నాడంటే పెద్దవాళ్ళు కూడ కొందరు ఆశ్చర్యపడతారు. అతనిని పైలటు అంటారు. ఆ మాట విమానాలకు అంటక ముందు కొన్ని వందల ఏండ్లనుంచీ ఓడలవారి మాటయే. ఉగాది సంచికకు ఒక చరిత్ర వ్యాసము కావాలని సంఘమువారు అడిగినప్పుడు, గంజాము తీరాన తరతరాలుగా కాపురమున్న మనకు ఇంతకంటె దగ్గరి విషయము మాకు తోచలేదు. రంగూను మాట వినబడని ఇండ్లు మనలో ఎన్ని ఉన్నవి?

ముందు పైలటు చేసే పని ఏమిటో చెప్పుకొందాము. నడిసముద్రములో కెప్టెనుకు ఎవరి సాయమూ అక్కరలేదు. ఒడ్డు దగ్గర పడేసరికి పరిస్థితి మారుతుంది. ఇసుక ఎక్కడ మేట వేసినదీ, పోటు ఏ వేళకు వచ్చేదీ, గాలి కొండకు తగిలి ఏ వైపు తిరిగేదీ ఆ రేవులో పుట్టి పెరిగినట్లు తెలిసినవాడికే తెలుస్తుంది. అందుచేత ఓడ రేవు బయట ఆగుతుంది. పైలటు చిన్న లాంచిలో ఎదురు వెళతాడు. ఓడ ప్రక్కన తాళ్ళ నిచ్చెన వేలాడుతుంది. లాంచి అల మీద పైకి లేచిన క్షణములో నిచ్చెన పట్టుకోవాలి. ఒక్క క్షణము తప్పితే రెండింటి నడుమ నలిగిపోవడమే. ఎక్కవలసిన ఎత్తు 9 మీటర్లు దాటితే తాళ్ళ నిచ్చెన ఒక్కటే చాలదనీ, మెట్లదారి కూడ కలిపి దించాలనీ నేటి అంతర్జాతీయ నియమము. పైకి చేరిన తరువాత అతడు చెప్పినట్లే ఓడ నడుస్తుంది, టగ్గులు లాగుతాయి. అయినా ఓడ బాధ్యత మాత్రము కెప్టెనుదే. ఒకరి తెలివి, ఇంకొకరి బాధ్యత: వియ్యంకుల మధ్య పెళ్ళి పెద్ద ఉన్నట్లు ఉంటుంది ఈ ఏర్పాటు.

మన దేశములో 1908 నాటి రేవుల చట్టము, ఆ నిబంధన వర్తింపజేసిన రేవులలో 200 టన్నులకు తక్కువ కాని ఓడ పైలటు గాని, రేవు అధికారి గాని లేకుండ కదలరాదని శాసించింది. 2025లో దాని స్థానములో క్రొత్త చట్టము వచ్చింది.

పైలట్లలో పేరు గాంచినవారు హుగ్లీ నదివారు. 17వ శతాబ్దినుంచే అక్కడ కంపెనీ కొలువులో పైలట్లు ఉన్నారు. 1694లో ఒక ఓడ మునిగినచోట పడిన మేటకు నేటికీ ఆ ఓడ పేరే, జేమ్స్ అండ్ మేరీ అని. ఆ కొలువు చాలకాలము తెల్లవారిదే. వారి జీతాలు, దుస్తులు, పేర్లు అన్నీ కాగితముపై ఉన్నవి. మా ఫిర్యాదు అక్కడే మొదలవుతుంది. పైలట్ల చరిత్రను లైసెన్సు కాగితాలనుంచి మొదలుపెడితే, మన తీరాన అదే పని చేసిన తండేళ్ళు ఎక్కడా కనబడరు.

మన గోపాలపురమే చూడండి. దాని పాత పేరు మన్సూరుకోట. 1815లో విషజ్వరాలు గంజాము పట్టణాన్ని పాడుపెట్టిన తరువాత వర్తకము ఇటు మళ్ళింది. రేవు అన్నారే గాని ఓడ నిలిచే చోటు లేదు. స్టీమరు దూరాన లంగరు వేసేది. నడుమ విరిగిపడే అలలు, ఒకదాని వెనుక ఒకటి. ఆ అలలను దాటించేది మసూలా పడవ. దానికి మేకు ఉండదు. పలకలను కొబ్బరిపీచు తాళ్ళతో కుట్టేవారు. మేకులు కొట్టిన పడవ ఇసుకకు తగిలితే పగులుతుంది. కుట్టిన పడవ ఒళ్ళు వంచి దెబ్బ కాచుకొంటుంది. ఆ పేరు మచిలీపట్టణమునుంచి వచ్చిందని కొందరంటారు, చేపనుంచి అని కొందరు. మచిలీపట్టణము అనుకోవడమే మాకు ఇష్టము!

వెనుక నిలబడి చుక్కాని తెడ్డు పట్టినవాడు తండేలు. ఒడ్డుకు వచ్చేటప్పుడు అలలు విరిగే చోటికి వెలుపలనే పడవను ఆపించి, వెనక్కు చూస్తూ నిలుస్తాడు. అలలు గుంపులుగా వస్తాయి. పెద్దవి కొన్ని పోయిన తరువాత కొంత తెరపి ఉంటుంది. ఆ తెరపి ఎప్పుడో అతని కంటికి తెలియాలి. లోపల కూర్చున్న ప్రయాణికులు, ఒడిలో బిడ్డలు, మూటలు, అందరి ప్రాణాలూ ఆ చూపులో ఉన్నవి. అతడు కేక వేయగానే తెడ్లన్నీ ఒక్కసారి పడతాయి. ముందు అల వీపు మీదనే పడవ సాగాలి. వెనుక అల అందుకొన్నదా, పడవ అడ్డము తిరిగి బోల్తా పడుతుంది. అడుగు ఇసుకకు తగలగానే కళాసులు దూకి తాడు పట్టి లాగుతారు. ప్రయాణికులను భుజాలపై ఎత్తి పొడి ఇసుకలో దించుతారు. బర్మాకు కూలికి పోయినవారూ, కూడబెట్టుకొని తిరిగి వచ్చినవారూ ఇట్లే దాటారు. 1942లో రంగూను జపానువారి చేతికి పోయేవరకు ఈ రాకపోకలు సాగినవి.

చెన్నపట్నములోనూ అంతే. 19వ శతాబ్ది చివర రేవు కట్టడము పూర్తి అయ్యేదాక గవర్నరైనా మసూలా పడవ ఎక్కవలసినదే. 1861లో ఇనుప వారధి వచ్చినా పడవల అవసరము తీరలేదు. పడవల వెంట తెప్పలు వెళ్ళేవి, నీటిలో పడినవారిని ఎత్తుకోవడానికి. తెప్పలవారు అల్లిన కోసు టోపీలలో ఉత్తరాలు తడవకుండ దాచి ఓడలకు అందించేవారు. ప్రాణాలు కాపాడినవారికి కంపెనీ పతకాలు ఇచ్చింది. పూరీలో స్నానాలకు దిగేవారిని అలల నుండి కాపాడిన నోలియాలు కూడ అటువంటి కోసు టోపీలవారే. ఒడియావారు నోలియాలని పిలిచే వారు ఇంట్లో తెలుగు మాట్లాడే మన తీరపు మత్స్యకారులు. జగన్నాథుని దర్శనానికి వెళ్ళి సముద్రములో మునక వేసిన ఎందరు యాత్రికుల చేతిని వారు పట్టుకొన్నారో లెక్క లేదు.

యానామువారు తమ ప్రక్కనున్న కోరంగిని మరువరాదు. ఓడల మరమ్మతులకు పేరుపొందిన ఆ రేవును 1789, 1839 సంవత్సరాల ఉప్పెనలు ముంచినవి. గోదావరి ఒండ్రు పూడ్చింది. బర్మాలో తెలుగువారందరికీ కోరంగీలన్న పేరు మాత్రము మిగిలింది.

ఇక విశాఖపట్టణము. 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే ఓడ అక్కడి క్రొత్త రేవులోనికి వచ్చింది. డిసెంబరు 19న లార్డు విల్లింగ్డను ప్రారంభించాడు. లోనికి వచ్చే ఓడకు ఎడమ చేతివైపు డాల్ఫిన్స్ నోస్ కొండ, నడుమ ఇరుకైన కాలువ. తీరము వెంట ఇసుక దక్షిణమునుంచి ఉత్తరానికి నడిచివచ్చి కాలువను మూయబోతుంది. దానికి అడ్డుకట్టగా జానస్, వెల్లెస్డన్ అనే రెండు పాత ఓడలను రాళ్ళతో నింపి ముంచారు. అయినా ఇసుక తోడుతూనే ఉండాలి. ఆ ఇరుకు కాలువలో పెద్ద ఓడను తిప్పే పైలటు, తండేలు అలలు చూచినట్లే నీళ్ళను చూడాలి. కుడివైపు కొండపై మదీనా బాబా దర్గా ఉన్నది. పూర్వము రేవు ముందుగా పోయే ఓడలు మూడుసార్లు జెండా ఎగురవేసి దించి ఆయనకు వందనము చేసేవని పాత జిల్లా గ్రంథాలు చెబుతాయి. ఆ ఓడలలో అన్ని మతాలవారూ ఉండేవారు.

రేవువారికీ ఊరివారికీ నిజమైన సంబంధము తుపాను నాడు తెలుస్తుంది. రేవు స్తంభముపై ప్రమాద సంకేతము ఎక్కుతుంది. 1 నుండి 11 వరకు అంకెలు. అది చూచి జాలరి పడవను పైకి లాగుకొంటాడు. ఊరంతా ఇండ్లలోనికి పోతుంటే పైలట్లు రేవులోనికి వస్తారు. గోడకు కట్టిన ఓడ తుపానులో గోడనూ పగులగొడుతుంది, తానూ పగులుతుంది; అందుచేత ఒక్కొక్కదానినే నడిసముద్రములోనికి పంపివేయాలి. కాలువ దాటించి, ఉబికే సముద్రములో నిచ్చెన దిగి, లాంచిలో తిరిగి రావాలి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ మన గోపాలపురము దగ్గరే తీరము దాటింది. సరిగా ఏడాదికి, 2014లో అదే తేదీన, హుద్‌హుద్ విశాఖను కొట్టింది. ఆ రెండు రాత్రులూ మనవారికి గుర్తే.

పైలట్ల పేర్లు రేవు పుస్తకాలలో ఉంటాయి. గోపాలపురము తండేళ్ళ పేర్లు ఏ పుస్తకములోనూ మాకు కనబడలేదు. మీ తాతగారినో అమ్మమ్మగారినో స్టీమరు ఎక్కించిన పడవ ఎవరిదో ఇంట్లో ఎవరికైనా జ్ఞాపకమున్నచో, పేరు, ఊరు, ఏ సంవత్సరమో వ్రాసి సంఘమునకు పంపగోరుచున్నాము. వచ్చే ఉగాది సంచికలో రెండు పుటలు వాటికై విడిచి ఉంచుతాము.